ఎడమ మోకాలు

ఆ ఏడు వడగళ్ళు కురిసినంతసేపూ మా నాన్న వరండాలో నిలబడి నవ్వుతూనే ఉన్నాడు. ఊళ్ళో కిటికీలన్నీ పగులుతుంటే నవ్వే మనిషిని చూసి ఎవరైనా పిచ్చివాడనుకోవాలి. మా నాన్నది అద్దాల షాపు.

"విన్నావా, అది స్కూలు వైపు," అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "పెద్ద అద్దం. చిన్నదానికి ఆ చప్పుడు రాదు."

"ఊరుకోండి, ఎవరైనా వింటే ఏమనుకుంటారు," అంది అమ్మ. అంటూనే మూలనున్న పాత దుప్పట్లు తీసి దులపడం మొదలుపెట్టింది. కోసిన అద్దాలు చుట్టి తీసుకెళ్ళేది వాటిలోనే.

పొద్దున్నే షాపు ముందు జనం. అందరికీ ఇవాళే కావాలి. కిటికీకి అట్టముక్కలు అడ్డం పెట్టుకున్న వాళ్ళ మొహాలు చూస్తే, అద్దం మేమే పగలగొట్టామన్నట్టు ఉన్నాయి. స్కూలు హెడ్మిస్ట్రెస్ గారైతే గుమ్మంలోకి వచ్చీ రాగానే, సెలవులు అయిపోయేలోగా తన కిటికీలన్నీ పూర్తి కావాలని, పిల్లలు వచ్చాక నిచ్చెనలూ అద్దాలూ అంటే తను ఒప్పుకోనని చెప్పేసి, మా జవాబు వినకుండానే వెళ్ళిపోయింది.

మా షాపులో ఎవరి పని వాళ్ళది. నాన్న కొలిచి కోస్తాడు. నేను అంచులు నూరతాను. అద్దాన్ని మోసేది అమ్మ. మోయడమంటే మోటారు సైకిల్ మీద నాన్న వెనక, రెండు వైపులా కాళ్ళేసి కూర్చుని పట్టుకోవడం. కాలు పెట్టుకునే కడ్డీ పక్కన నాన్న ఒక చెక్క బిగించి, దానికి గాడి తీసి, గాడిలో సైకిల్ ట్యూబు ముక్క అంటించాడు. అద్దం కింది అంచు ఆ గాడిలో ఉంటుంది, పై అంచు అమ్మ చంకలో. గాలికి అద్దం అంచు చూపించాలి, మొహం చూపించకూడదు అని నాన్న ఎప్పుడూ అంటుంటాడు. అలా ఊరంతా తిరిగారు వాళ్ళిద్దరూ, ఏళ్ళ తరబడి.

ఇంకొక సంగతి చెప్పాలి. మా అమ్మానాన్న ఇంట్లో ఉంటే ఒకరి మాట ఒకరు కింద పడనివ్వరు. ఉప్పు దగ్గర్నుంచి గొడుగు దాకా అన్నీ వాదనే. బండెక్కితే మాత్రం ఇద్దరి నోట్లోంచీ ఒక్క మాట రాదు. వాదించుకుని అలిసిపోయి అక్కడ విశ్రాంతి తీసుకుంటారు కాబోలు అనుకునేదాన్ని.

వారం తిరక్కుండానే నాన్న కాలు విరగ్గొట్టుకున్నాడు.

ఎవరింట్లోనో కిటికీ బిగించి నిచ్చెన దిగుతూ, పక్కనే ఉన్న, అద్దాల సందుల్లో పూసే లప్పం డబ్బా మీద కాలు వేశాడట. వేరే వాళ్ళ వ్యానులో తీసుకొచ్చారు. మోకాలి కింది నుంచి మడమ దాకా కట్టు. ఎముకల డాక్టరు, కట్టు విప్పేదాకా కాలు నేలకి ఆనించడానికి వీల్లేదన్నాడు. జన్మకొక్కసారి వచ్చే గిరాకీ, దానికి ఇదీ ముహూర్తం.

"అంత డబ్బా కనిపించలేదా నాన్నా?" అన్నాను. నేను అన్నది ఆ ఒక్క మాటే.

"పడ్డ మనిషిని దెప్పుతావేంటే? ఆ డబ్బా అక్కడ పెట్టింది నేను. నన్నను," అని అమ్మ నా మీదికి లేచింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. లప్పం డబ్బా కోసం అంత ఏడవడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఇక బండి ఎవరు నడపాలి? నేనే. నాకు బండి వచ్చు. ఒక్కదాన్నే అయితే కళ్ళు మూసుకుని నడుపుతానని గొప్పలు చెప్పుకునేదాన్ని కూడా. వెనక మనిషిని ఎక్కించుకుని ఎప్పుడూ పోలేదు, అంతే తేడా. ఆ తేడాయే ఆ ఎండాకాలం నాకు మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

నాన్న కట్టు కాలుని స్టూలు మీద పెట్టుకుని, పెరట్లో బండికి స్టాండు వేయించి, అమ్మనీ నన్నూ దానిమీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

"వెనక మనిషి ఎక్కాక బండి నీ ఒక్కదానిదీ కాదు. ముందు చక్రం తేలిపోతుంది, వెనక బరువు పడుతుంది. బ్రేకు ముందే వెయ్యాలి, మెల్లగా వెయ్యాలి. క్లచ్ వదిలేటప్పుడు వెనక మనిషి తల ఊగకూడదు. మలుపులో నువ్వు ఎటు వంగితే ఆవిడా అటే వంగుతుంది, కాబట్టి సరిగ్గా వంగు. అర్థమైందా తొందరమ్మా?"

తొందరమ్మ అంటే నేను. నెలలు నిండకుండా పుట్టానని పెట్టిన పేరు. నేను తప్ప అందరూ దానికి అలవాటు పడిపోయారు.

"అర్థమైంది."

"ఏం అర్థమైంది? చెప్పు."

చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. స్టాండు మీదున్న బండి మీద కూర్చుని, లేని మలుపులో వంగి, కదలని బండికి మెల్లగా బ్రేకు వేశాను. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు నిజంగా బయల్దేరాం. నేను బండి స్టార్టు చేసి హ్యాండిలు పట్టుకుని చూస్తుంటే, చెప్పా పెట్టకుండా అమ్మ వచ్చి ధబీమని ఎక్కింది. బండి పక్కకి ఒరిగి, నా చెప్పు జారి, చచ్చీ చెడీ నిలబెట్టాను.

"ఎక్కుతున్నానని చెప్పాలి కదమ్మా!"

"మీ నాన్నకి ఎప్పుడూ చెప్పలేదు."

"నేను నాన్నని కాను."

"తెలుస్తూనే ఉంది. పోనీ."

వీధి మలుపు దాకా వెళ్ళామో లేదో, ఎడమ మోకాలితో నా తొడ మీద ఒక్క పోటు పొడిచింది. ఉలిక్కిపడి బ్రేకు వేశాను. మెల్లగా కాదు. దుప్పట్లో అద్దం కిర్రుమంది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు. అద్దం జారుతోంది. పోనీ."

అద్దం జారితే ఆపాలి కదా, పోనీ అంటుందేంటి? సరే పోనిచ్చాను. కాసేపటికి కుడి మోకాలు. మళ్ళీ ఆపాను. వెనకొచ్చే సైకిలు వాడు మమ్మల్ని గుద్దబోయి తప్పించుకుని, వెనక్కి తిరిగి మరీ చూసి వెళ్ళాడు.

"ఇప్పుడేంటి?"

"కాలు తిమ్మిరెక్కింది. మాటిమాటికీ అలా ఆపకూడదే, వెనకవాళ్ళు గుద్దుతారు."

ఒళ్ళు మండిపోయింది. పొడిచేది తను, ఆపితే తప్పు నాది. ఇలా రోజూ. ఎడమ, కుడి, కుడి, ఎడమ, ఒక్కోసారి రెండూ కలిపి. అడిగితే అద్దం అంటుంది, తిమ్మిరి అంటుంది, చీమ కుట్టిందంటుంది. ఒకరోజు ఒక సందు దగ్గర కుడి మోకాలు పొడిచినప్పుడు గట్టిగా నిలదీస్తే, "సందు అటు కదా, అటు తిరుగు అని," అంది. హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఒక అర్థమున్న మాట చెప్పింది అనుకున్నాను. మోకాలు ఎటు పొడిస్తే అటు తిరగాలన్న మాట. అదేదో మొదటిరోజే చెప్పొచ్చుగా!

ఆ వారంలోనే స్కూలుకి పెద్ద అద్దం తీసుకెళ్తున్నాం. నిలబెడితే అమ్మ తలకంటే ఎత్తు, అందుకే బండి పొడుగునా పడుకోబెట్టి పట్టుకుంది. మూడు దారుల కూడలికొచ్చాం. మేము తిన్నగా పోవాలి. కూడలి మధ్యలో అమ్మ కుడి మోకాలు గట్టిగా పొడిచింది. ఈవిడకి ఏదో దగ్గరి దారి గుర్తొచ్చినట్టుందని, కుడివైపుకి తిప్పాను.

కుడివైపు నుంచి వ్యాను వస్తోంది. తిప్పాకే చూశాను. దాని బ్రేకుల చప్పుడు చెవుల్లో పడేసరికి నేను ఎడమకి తిప్పేసి, రోడ్డు అంచుకి గుద్ది ఆపాను. మేము పడలేదు. అద్దం పడింది. అంత పెద్ద అద్దం దుప్పట్లోనే పొడిపొడి అయిపోయింది. వ్యాను డ్రైవరు దిగి వచ్చి, నా వంశంలో ఎవరికీ బండి నడపడం రాదని, రాబోదని తేల్చి చెప్పి వెళ్ళాడు. అమ్మ రోడ్డు పక్కన కూర్చుని, వేలికి గుచ్చుకున్న ముక్క తీసుకుంటోంది.

"అటెందుకు తిప్పావే?"

"నువ్వేగా పొడిచావ్!"

ఆవిడ ఆ ముక్కని దుప్పట్లో పడేసి ముడి బిగించింది.

ఇంటికొచ్చి చెప్పాను. దెబ్బలు తగిలాయా అని అడుగుతాడనుకున్నాను. నాన్న అడిగిన మొదటి మాట ఇది.

"ఏ మోకాలు?"

"కుడి."

"కుడి నొక్కితే కుడివైపు నుంచి ఎవడో వస్తున్నాడని కదే! చూసుకుని ఆగాలి గానీ, పోయి వాడి మీద పడతావా?"

"ఎవడొస్తున్నాడో చూడ్డానికి నాకు కళ్ళున్నాయి కదా! అది అమ్మ ఎందుకు చెప్పాలి?"

అమ్మ దుప్పట్లోంచి అద్దం పెంకులు ఏరి డబ్బాలో వేస్తోంది. ఆ చప్పుడు ఆగిపోయింది. ఉప్పు గురించి పూటంతా వాదించుకోగల మనుషులు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. నాన్న చంక కర్రల కోసం పక్కకి చెయ్యి చాచాడు. అవి ఆయన కుడిచేతికి జానెడు దూరంలో గోడకి ఆనించి ఉన్నాయి. చెయ్యి గాల్లో అటూ ఇటూ వెతికి, చివరికి తగిలించుకుని పట్టుకుంది.

నేను చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత చూడటమే నా పని అయింది. చూసినకొద్దీ ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదా అని నామీద నాకే చిరాకు. టేపు పక్క నుంచి అందిస్తే నాన్న తీసుకోడు, ఎదురుగా వచ్చి ఇవ్వాలి. ఇన్నేళ్ళూ అది ఆయన దర్జా అనుకున్నాను. మంచినీళ్ళ గ్లాసు అమ్మ ఎప్పుడూ ఆయన ముందే పెడుతుంది, పక్కన పెట్టదు. అద్దం కోసేటప్పుడు మాత్రం గీత వెంట్రుకవాసి తేడా రాదు, ఎందుకంటే అది ఎదురుగా ఉంటుంది. పొద్దుటిపూట కళ్ళలో వేసుకునే చుక్కలు, అద్దం పొడి పడితే మంటకి అని చెప్పారు నాకు. నేను నమ్మాను.

ఒకరోజు నాన్న బల్ల దగ్గర కూర్చుని కోస్తుంటే, మెల్లగా వెళ్ళి ఆయన భుజం పక్కన నిలబడ్డాను. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. అరచెయ్యి ఎత్తి ఆయన చెవి దగ్గర అటూ ఇటూ ఊపాను. ఆయన కోత పూర్తి చేసి, అంచు మీద రెండుసార్లు తట్టి, ముక్క విరిచి, తల ఎత్తాడు.

"ఏమే, అమ్మాయెక్కడికి పోయింది? అంచులు నూరాల్సినవి ఇన్ని పెట్టుకుని," అని లోపలికి కేక వేశాడు.

నేను ఎత్తిన చెయ్యి దించుకుని వెనక్కి నడిచి, గుమ్మంలోంచి అప్పుడే వచ్చినట్టు వచ్చి, "ఇక్కడే ఉన్నాను నాన్నా," అన్నాను.

స్కూలు వరండాలో, హెడ్మిస్ట్రెస్ గారు తాళాలు తెచ్చేలోగా, అమ్మని పట్టుకున్నాను.

"ఎప్పటి నుంచి?"

"ఏది?"

"నాన్నకి పక్కలు కనిపించకపోవడం."

అమ్మ దుప్పటి ముడి విప్పుతూనే ఉంది. ఆ ముడి ఎప్పుడో ఊడిపోయింది.

"ముందుకి బాగానే కనిపిస్తుంది," అంది చివరికి.

"డాక్టరుకి చూపించారా?"

"చూపించాం. పోయింది రాదు, ఉన్నది పోకుండా చుక్కలు వేసుకోమన్నాడు."

"బండి?"

"బండేంటి?"

"బండి నడపొచ్చన్నాడా, వద్దన్నాడా?"

"వద్దన్నాడు." ఆ మాట అనేసి నావైపు తిరిగింది. "అయితే ఏంటే? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా పడ్డామా? ఎవరినైనా గుద్దామా? ఎదుటిది ఆయన చూసుకుంటాడు. పక్కలు నేను చూస్తాను. కుడికి కుడి, ఎడమకి ఎడమ, రెండూ నొక్కితే ఆపెయ్యాలి, ఆగాక చిన్నగా కదిపితే దారి ఖాళీ, పోవచ్చు. నువ్వు రెండు కళ్ళూ ఉండి గుద్దబోయావ్, మేము అలా ఎప్పుడూ పోలేదు."

"నేను గుద్దబోయింది నీ మోకాలి వల్ల!"

"అలవాటు, ఏం చెయ్యమంటావ్? ఎవరైనా వస్తుంటే కాలు దానంతటదే లేస్తుంది."

కోపం వచ్చింది, జాలి వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. వీటిలో ముందు బయటికొచ్చింది కోపమే. "సెలవులయ్యాక ఈ గేటులోంచి పిల్లలంతా ఒక్కసారి బయటపడతారు కదమ్మా. ఏ పిల్లో బంతి వెనకాల పక్క నుంచి పరిగెత్తుకొస్తే? నీ మోకాలు లేచేలోపే వస్తే? అప్పుడు ఒక్కసారైనా గుద్దామా అని ఎవరినడుగుతావ్?"

అమ్మ స్కూలు గేటు వైపు చూసింది.

"నాకు తెలియదనుకున్నావా?" అంది మెల్లగా. "ప్రతిరోజూ ఇంటికి చేరాక నా కాళ్ళు వణుకుతాయి. ఆయన బండి దిగితే ఇంకేం మిగులుతుందే ఆయనకి? షాపులో కూర్చుని కోసుకోమంటావా? కోస్తాడు. తర్వాత నాలుగు రోజులకి అదీ నాకు రాదంటాడు. నీకు చేతనైతే నువ్వు చెప్పు."

హెడ్మిస్ట్రెస్ గారు తాళాలతో వచ్చింది. "ఇంకా మొదలుపెట్టలేదా? కబుర్లు చెప్పుకోవడానికి మా వరండాయే దొరికిందా?" అంది. ఆ క్షణంలో ఆవిడని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

నేను చెప్పలేదు. చెప్పాలని రోజూ మొదలుపెట్టేదాన్ని. నాన్న స్టూలు మీద కూర్చుని బండికి నూనె రాస్తుండేవాడు. తుడిచిందే తుడిచేవాడు.

"నాన్నా, కట్టు విప్పాక..."

"కట్టు విప్పాక నువ్వు హాయిగా అంచులు నూరుకుందువుగానీ. నీ వెనక కూర్చుని మీ అమ్మ సగమైపోయింది. చూడు, ఈ బ్రేకు ఎంత అరగదీశావో. ఇన్నేళ్ళలో నేను అరగదియ్యనిది ఒక్క వేసవిలో అరగదీశావ్."

"అది కాదు నాన్నా..."

"ఇంకేది? క్లచ్ కూడానా?"

ఆ మనిషి మొహం చూస్తే నోరెలా వస్తుంది? పైగా నేను విసుక్కుంటూ విసుక్కుంటూనే వెనక మనిషితో బండి నడపడం నేర్చుకుంటున్నాను. అమ్మ ఎక్కేముందు ఊపిరి బిగబట్టడం నాకు వినిపించేది, అప్పుడే కాళ్ళు గట్టిగా ఆనించేదాన్ని. మలుపులో ఇద్దరం ఒక్క మనిషిలా ఒరిగేవాళ్ళం. మోకాలు పొడిచినా ఉలిక్కిపడేదాన్ని కాదు. "చూశానమ్మా," అనేదాన్ని. ఒక్కోసారి ఆవిడ కంటే ముందే చూసేదాన్ని. అప్పుడు ఆ మోకాలు సగం లేచి, సిగ్గుపడినట్టు కిందికి పోయేది.

సెలవులు ముగియబోతుండగా నాన్నకి కట్టు విప్పారు. తెల్లగా, సన్నగా అయిపోయిన కాలుని ఎముకల డాక్టరు అటూ ఇటూ తిప్పి, ఇక మెల్లగా అన్నీ చేసుకోవచ్చన్నాడు. ఆ "అన్నీ"లో ఏమేం ఉన్నాయో ఆయనకేం తెలుసు. నాన్న మొహం వెలిగిపోయింది. ఇంటికొస్తూనే బండి తాళం అడిగాడు.

మిగిలింది ఒక్క అద్దమే. స్కూలుది, నేను పగలగొట్టిన దానికి బదులు. నాన్న తనే కోశాడు. నేను అంచులు నూరాను. ఆయన బండి స్టార్టు చేసి, రెండు కాళ్ళూ నేలకి ఆనించి, వెనక సీటు తుడిచి, "రావే," అని అమ్మని పిలిచాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. దుప్పటి చుట్టిన అద్దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"నేను రాను," అంది.

"ఏం?"

"నడుం పట్టేసింది. కూర్చోలేను."

"పొద్దున బిందె ఎత్తావ్ కదే?"

"అప్పుడే పట్టేసింది. అమ్మాయి పట్టుకుంటుంది, తీసుకెళ్ళండి." నా దగ్గరికి వచ్చి అద్దం నా చేతుల్లో పెట్టింది. "కింది అంచు గాడిలో. పై అంచు చంకలో. గాలికి అంచు చూపించు," అంది. ఇంకేం చెప్పలేదు. నా కళ్ళలోకి ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. నడుం నొప్పి ఉన్న మనిషి నడక కాదది.

ఎప్పుడూ ముందు కూర్చునేదాన్ని, మొదటిసారి వెనక ఎక్కాను. "ఎక్కుతున్నాను నాన్నా," అని చెప్పి మరీ ఎక్కాను. అద్దం ఎంత బరువో అప్పుడు తెలిసింది. నా మోకాళ్ళు ఆయన తొడలకి తగిలాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అక్కడే కదలకుండా ఉంచాను.

బండి కదిలింది. ఎంత మెత్తగా కదిలిందంటే, నా తల ఊగలేదు. పెరడు దాటి గేటు దగ్గర, రోడ్డు అంచున ఆగాం.

ఇంజను ఆడుతోంది. నాన్న ఎదురుగా చూస్తున్నాడు. నేను ఎడమవైపు చూశాను. ఎవరూ లేరు. కుడివైపు చూశాను. దూరంగా సైకిలు, అది వచ్చేలోపు హాయిగా పోవచ్చు. సైకిలు వచ్చింది, వెళ్ళింది. రోడ్డు ఖాళీ. నాన్న కదలలేదు.

ఆయన వీపు ఎదురు చూస్తోంది. ఆ వీపుకి అంత దగ్గరగా నేనెప్పుడూ కూర్చోలేదు. చిన్నగా, ఒక్కసారి మోకాలు కదిపితే చాలు, బండి సాగిపోతుంది. రేపు కూడా సాగుతుంది, ఎల్లుండి కూడా. ఆ ఎండాకాలమంతా ఏ మోకాలిని తిట్టుకున్నానో, ఆ పని చెయ్యాలని నా కాలు పీకింది. అద్దాన్ని గట్టిగా పట్టుకుని, కాలు బిగబట్టుకుని కూర్చున్నాను.

నాన్న తల పూర్తిగా ఎడమవైపుకి తిప్పి చూశాడు. తర్వాత పూర్తిగా కుడివైపుకి. కుడి చూసేసరికి ఎడమ సంగతి మళ్ళీ తెలియదు కదా, మళ్ళీ ఎడమకి. అలా తిప్పుతూ ఉన్నాడు. ఆయన మెడ మీద చెమట పట్టింది.

"మీ అమ్మ నీకేం చెప్పలేదా?" అన్నాడు, ముందుకే చూస్తూ.

"అద్దం ఎలా పట్టుకోవాలో చెప్పింది నాన్నా."

"అంతేనా?"

"అంతే."

ఆయనకి తెలిసిపోయింది. నాకు తెలుసని ఆయనకి తెలిసిపోయింది. ఒక వ్యాను వెళ్ళింది, దాని వెనక గాలికి దుప్పటి అంచు రెపరెపలాడింది. నాన్న చెయ్యి తాళం మీదికి వెళ్ళి ఇంజను ఆపేసింది. అంత చప్పుడు ఆగేసరికి, గుమ్మం తలుపు వెనకాల అమ్మ ఉన్నట్టు నాకు తెలిసింది. గాజులు చప్పుడు కాకుండా పట్టుకుని నిలబడి ఉంటుంది.

"కాలు ఇంకా పూర్తిగా రాలేదు," అన్నాడు నాన్న. "గేరు పడట్లేదు. నువ్వు తోలు, నేను పట్టుకుంటాను."

"సరే నాన్నా."

దిగి, అద్దం ఆయన చేతికి ఇచ్చాను. ఎదురుగా వచ్చి ఇచ్చాను. ఆయన వెనక ఎక్కాడు. ఎక్కుతున్నానని చెప్పలేదు, బండి ఒరిగింది, నాకు చెప్పలేనంత విసుగొచ్చింది. కాళ్ళు గట్టిగా ఆనించి నిలబెట్టాను. జీవితమంతా ముందు కూర్చున్న మనిషి, వెనక ఎలా కూర్చోవాలో ఆయనకి ఎవరు చెప్పారు? మొదటి మలుపులో నేను కుడికి వంగితే ఎడమకి వంగాడు. బ్రేకు వేస్తే, "మెల్లగా, మెల్లగా," అన్నాడు. క్లచ్ వదిలితే, "అలాక్కాదు," అన్నాడు. స్కూలు దాకా ఇలాగే చంపుతాడు, రేపూ చంపుతాడు, ఇక రోజూ ఇంతే అనుకుంటూ పళ్ళు కొరుక్కున్నాను.

మూడు దారుల కూడలి దగ్గరికొచ్చాం. అక్కడ నాన్న ఎడమ మోకాలు నా తొడకి తగిలింది. మెల్లగా, భయపడుతున్నట్టు.

ఎడమవైపు చూశాను. ఎవరూ లేరు. రోడ్డు పొడుగునా ఎండ తప్ప ఏమీ లేదు.

అయినా బండి నెమ్మది చేశాను.

"అదీ," అన్నాడు నాన్న వెనక నుంచి. "అలా వినాలి."